గని కప్పు తట్టేవాడు

పొద్దున్నే గనిలోకి మొదట దిగేది శాంతయ్య ఒక్కడే. అది అక్కడి పద్ధతి. ముందురోజు సాయంత్రం మందు పేల్చి వదిలేసిన చోట పైకప్పులో ఏ రాయి కదిలిందో, ఏది కదలలేదో ఎవరికీ తెలియదు. శాంతయ్య గడ్డపార పట్టుకుని వంగి లోపలికి పోయి, కప్పును అడుగడుగునా తట్టేవాడు. గట్టి రాయి అయితే ఖంగున మోగుతుంది. విడిపోయి ఊరికే అతుక్కుని వేలాడుతున్న రాయి అయితే ఖాళీ గాదెను తట్టినట్టు బోలుగా పలుకుతుంది. అలాంటి రాయిని గడ్డపారతో పెకలించి కింద పడేసేవాడు. అంతా అయ్యాక మలుపు దగ్గరికి వచ్చి "రాండప్పా" అని కేక వేసేవాడు. ఆ కేక వినపడేదాకా మిగతావాళ్లు గని నోటి దగ్గర, పసుపు పూసిన రాయికి ఇవతల, చెప్పులు విడిచి నిలబడి ఉండేవారు.

రుద్రవరం దాటి నల్లమల వైపు పోతే, అడవి మొదలయ్యే చోట ఉన్న గుట్టలో ఆ గని. అందులో దొరికేది ముగ్గురాయి. చూడటానికి తెల్లగా మామూలు పలుగురాయిలా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం చెయ్యి కిందికి జారిపోతుంది. అంత చిన్న రాయిలో అంత బరువు ఉంటుందని చెయ్యి అనుకోదు. గుట్ట మీద పందిరి కింద ఆడవాళ్లు కూర్చుని చిన్న సుత్తెలతో దాన్ని పగలగొట్టి, మచ్చలేని తెలుపు ఒక కుప్ప, బూడిదరంగుది ఒక కుప్ప వేసేవారు. రెంటినీ లారీ ఆళ్లగడ్డ మీదుగా నంద్యాల స్టేషనుకు మోసుకుపోయేది. తెల్లది మద్రాసులో రంగులు చేసే కంపెనీలకు. బూడిదరంగుది పొడి కొట్టి, ఎక్కడో నూనె బావులు తవ్వే చోటికి. బావిలో పోసే బురదకు ఈ పొడి కలిపితే, ఆ బరువుకు అడుగున ఉన్న గ్యాసు పైకి తన్నుకు రాకుండా అణిగి ఉంటుందట. ఆ సంగతి విన్నప్పటి నుంచి శాంతయ్యకు బూడిదరంగు కుప్ప మీద ఒక రకమైన చనువు ఏర్పడింది. పైకి రావలసిన దాన్ని పైకి రానివ్వకుండా బరువు పెట్టి తొక్కి ఉంచడం ఎలాంటి పనో అతనికి తెలుసు.

శాంతయ్యకు చెవులు పోతున్నాయి. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

పోయిన వానాకాలంలో మొదలైంది. మొదట కీచురాళ్లు పోయాయి. సాయంత్రం గుట్ట దిగుతుంటే అడవి వైపు నుంచి వచ్చే ఆ రొద ఒకరోజు లేదు. ఈ ఏడు పురుగు తక్కువ అనుకున్నాడు. తర్వాత దీపంలో కార్బైడు బుస పోయింది. తర్వాత భార్య నాగేశ్వరమ్మ గాజులు. మనుషులంతా గొణగడం నేర్చుకున్నారని కొన్నాళ్లు కోపం తెచ్చుకున్నాడు. "నోరు తెరిచి మాట్లాడి సావండి" అని కూలీలను తిట్టేవాడు. తనలో ఏదో మూసుకుపోతుంటే లోకమే నోరు మూసుకుంటోందని నమ్మడం సులువు. ఆ నమ్మకం దీపావళి దాకా నిలిచింది. వీధిలో టపాకాయ వెలుగు కళ్లెదుట చిమ్మి, దాని చప్పుడు మాత్రం గుడ్డలో చుట్టి పెట్టినట్టు రావడంతో ఇక నిలవలేదు.

ఏళ్ల తరబడి పేలుళ్ల మధ్య బతికినవాడికి ఇది వింత కాదు. బేతంచెర్ల వైపు గనుల్లో అతనికి ఈ పని నేర్పిన ముసలి మేస్త్రీ కూడా చివరికి ఇలాగే అయ్యాడు. ఒకరోజు గడ్డపార గోడకు ఆనించి, ఎవరితోనూ మాట్లాడకుండా తన ఊరికి వెళ్లిపోయాడు. ఆయనకు వెళ్లడానికి సేద్యం ఉంది, శాంతయ్యకు లేదు. అయితే తాను వెళ్లకపోవడానికి అది కారణం కాదని శాంతయ్యకు బాగా తెలుసు. కడుపు కోసమైతే ఇంకో పని దొరుకుతుంది. "రాండప్పా" అన్నాక మలుపు అవతల నుంచి వచ్చే అడుగులు మాత్రం ఇంకెక్కడా దొరకవు. అంతమంది తమ చావు భయాన్ని చెప్పులతో పాటు బయట వదిలి, తన ఒక్క మాట పట్టుకుని లోపలికి వచ్చేవారు. అలాంటిది అతనికి ఇంట్లో దొరకలేదు. గుడిలో దొరకలేదు. ఇప్పుడు ఆ అడుగులు కూడా వినపడవు. అయినా అవి వస్తున్నాయని తెలియడం చాలు.

నాగేశ్వరమ్మకు తెలుసు. తెలిసినట్టు ఆమె ఎన్నడూ అనలేదు. మాట్లాడవలసి వస్తే ఎదురుగా వచ్చి, మొహం చూపించి, నిదానంగా మాట్లాడేది. ఎవరైనా వచ్చి పిలిచి అతను పలకకపోతే "ఆయన పరాకు మనిషి" అని సర్దేది. ఆ దయను అతను క్షమించలేకపోయేవాడు. అందుకని కావాలనే ఆమె మాట్లాడుతుండగా మొహం తిప్పుకునేవాడు.

గనిలో మొదట్లో పెద్ద ఇబ్బంది రాలేదు. ముగ్గురాయి పొర సన్నగా ఉన్నంత కాలం కప్పు చేతికి అందేది. ఎడమ అరచెయ్యి రాతికి ఆనించి, కుడిచేత్తో పక్కన తట్టేవాడు. విడిపోయిన రాయి అయితే అరచేతి కింద సన్నగా వణుకుతుంది. చెవి చెప్పనిది చెయ్యి చెప్పేది. చెవులతో విన్నప్పటి కంటే అప్పుడే తనకు రాయి బాగా అర్థమైందని కూడా అతనికి అనిపించింది. దొంగతనంగా చేసే పనిని మనిషి మరింత శ్రద్ధగా చేస్తాడు.

సంక్రాంతి అయ్యాక పొర ఒక్కసారిగా లావెక్కింది. తవ్వుతూ పోయిన కొద్దీ అక్కడ పెద్ద గది ఏర్పడింది. కప్పు మనిషి చేతికి అందనంత ఎత్తుకు పోయింది. గడ్డపార కొస మాత్రమే దాన్ని తాకుతుంది. అక్కడ తట్టి నిలబడితే శాంతయ్యకు ఏమీ తెలియలేదు. ఇనుము రాతిని తాకిన అదురు మోచేతి దాకా వచ్చేది. ఆ అదురు ఇనుముదో రాతిదో చెప్పలేకపోయేవాడు.

అప్పుడు పద్ధతి మార్చాడు. దీపం పట్టుకోవడానికి జీవరత్నాన్ని వెంట రమ్మన్నాడు. జీవరత్నం రాతికి రంధ్రాలు వేసేవాడు, ముప్పై ఏళ్ల నవ్వుమొహం మనిషి. అతని భార్య సలోమి పైన పందిరి కింద రాళ్లు ఏరేది. "దీపం నేను పట్టుకోని కొడ్తే చెయ్యి కుదర్లేదప్పా" అన్నాడు శాంతయ్య. నిజానికి అతనికి కావలసింది దీపం వెలుగులో జీవరత్నం మొహం. తట్టి, ఆగి, కప్పు వైపు కాక అతని కళ్ల వైపు చూసేవాడు. ఆ కళ్లు కదలకుండా ఉంటే ముందుకు నడిచేవాడు. గభాలున పైకి లేస్తే ఆ చోట గడ్డపార దూర్చి పెకలించేవాడు. చాలాసార్లు రాయి ఊడి పడేది కూడా. తన చెవులు తన తలలో లేకపోతేనేం, ఇంకొకడి తలలో ఉన్నాయి, వాడికి తెలియకుండానే తనకు పనికొస్తున్నాయి అని శాంతయ్య తనకు తాను చెప్పుకున్నాడు. ఈ ఏర్పాటులో తప్పేమీ కనపడనంత దాకా చెప్పుకున్నాడు.

గనిని లీజుకు తీసుకున్నవాడు దొర్నిపాడు ఆదినారాయణరెడ్డి. తాతల నాటి నల్లరేగడి సేద్యం ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో గుట్ట మీద పెట్టుబడి పెట్టింది ఇతనొక్కడే. మార్చితో లీజు ముగుస్తుంది. మళ్లీ తనకు రాదని తేలిపోయింది. ఒక శుక్రవారం శాంతయ్యను గనిలోకి వెంటబెట్టుకుపోయి, కంబాల ముందు నిలబడ్డాడు.

ముగ్గురాయిని తవ్వుకుంటూ పోయేటప్పుడు మొత్తం తీయరు. కప్పును మోయడానికి అక్కడక్కడ ఆ రాతినే స్తంభంలా నిలిపి ముందుకు పోతారు. వాటినే కంబాలు అనేవాళ్లు. ఆ గనిలో అన్నింటికంటే తెల్లటి రాయి ఆ కంబాల్లోనే ఉంది.

"వీటిని ఇడిసిపెట్టి పోతే ఎవురికప్పా లాభం? నా ఎనక వచ్చేటోడు మొదటిరోజే ఎత్తుకోని పోతాడు" అన్నాడు రెడ్డి. "సోమారం నుంచి ఒకటొకటే తీసుకుంటా ఎనక్కి వద్దాం. నువ్వు కప్పు తట్టి సరే అంటే అందరూ దిగుతారు."

"తట్టి చూసి చెప్తా రెడ్డీ" అన్నాడు శాంతయ్య.

ఆ రోజు మధ్యాహ్నం పందిరి పక్కగా నడిచిపోతుంటే ఆడవాళ్లు తనను చూసి నవ్వుతున్నట్టు అనిపించింది. పట్టించుకోలేదు. నీళ్ల కుండ దగ్గర చెంబు ముంచుతుంటే సలోమి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇందాక నేనేమంటినో చెప్పు మేస్త్రీ."

"ఏదో పాట పాడతాంటివి."

"పాటా! 'శాంతప్పా, నీ పంచె ఊడి గనిలో పడిపాయ, సూసుకో' అంటి. ఆడోళ్లంతా పడి పడి నగిరి. నువ్వు ఎద్దు మాదిరి పోతానే ఉంటివి."

"పరాకుగా ఉంటి."

"మూడుతూర్లు అంటి గదప్పా. ఎంత పరాకైనా పంచె మీద ఉండదా?"

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. కొంగు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. కొంగు వెనక పెదవులు కదలడం మాత్రం తెలిసింది. తర్వాత కొంగు దించింది.

"ఇప్పుడేమంటి?"

శాంతయ్య చెంబులో నీళ్ల వైపు చూశాడు.

"దేవా" అంది సలోమి. ఆమె మొహం పాలిపోయింది. "ఎన్నాళ్ల నుంచి?"

"వానల నుంచి."

"వానల నుంచా! మా ఆయన పొద్దున్నే ప్రార్థన చేసి లేచి ఏమంటాడో ఎరుకనా నీకు? 'పైన దేవుడుండాడు, ముందర మేస్త్రీ ఉండాడు, నాకేం భయమే' అంటాడు. ఆ మాట పట్టుకోనే నేను సంగటి మూట కట్టి పంపిస్తాండా."

"గట్టిగా అనొద్దమ్మే."

"గట్టిగా అన్యానా మెల్లగా అన్యానా నీకేం ఎరుక?"

ఆమె దగ్గరికి వచ్చి, ఒక్కొక్క మాటా అతనికి కనపడేలా చెప్పింది. "నువ్వే చెప్పాల. నేను చెప్తే ఆడదాని మాట అంటారు. సోమారం గనిలోకి దిగేలోపల చెప్పకుంటే నేనే గని నోట్లో అడ్డం పండుకుంటా. ఆ పసుపురాయి పక్కనే."

ఆ రెండు రోజులూ శాంతయ్య తనను తాను దూరం నుంచి చూసుకున్నాడు. భయం కంటే ముందు అతనికి కలిగింది రోషం. ఒక రాళ్లు ఏరుకునే మనిషి తన లోపలి గదిలోకి చెప్పులతో వచ్చినట్టు. ఆ రోషం దిగాక అడుగున ఇంకొకటి కనిపించింది. చెప్పేస్తే ఎంత తేలిక అన్న ఆశ. చెబుతున్నట్టు, వాళ్లు నివ్వెరపోయినట్టు, "ఇంత కాలం చెవులు లేకుండానే మమ్మల్ని కాచినావా" అని ఎవరో అన్నట్టు ఊహించుకున్నాడు. నేరం ఒప్పుకునే చోట కూడా తాను మెప్పు వెతుక్కుంటున్నానని గుర్తించి, అన్నం ముద్ద చేతిలో ఉండగానే ఆగిపోయాడు. నాగేశ్వరమ్మ ఎదురుగా వచ్చి కూర్చుని "ఏమాయ" అంది. అతను మొహం తిప్పుకున్నాడు.

మొదట రెడ్డికి చెప్పాలనుకున్నాడు. శనివారం గని దగ్గరి కొట్టంలో రెడ్డి ఒక్కడే ఉన్నప్పుడు వెళ్లాడు.

"రెడ్డీ, నాకు చెవులు వినపడవు."

రెడ్డి తల ఎత్తి అతని మొహంలోకి చూశాడు. "ఎరుకలే" అన్నాడు.

ఆ మాట పెదవుల మీద చదివాక శాంతయ్యకు ఇంకొకటి అర్థమైంది. ఈ మధ్య రెడ్డి తనతో మాట్లాడేటప్పుడల్లా ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడుతున్నాడు. నాగేశ్వరమ్మ మాట్లాడినట్టే.

"ఎప్పటి నుంచి ఎరుక?"

"లారీవాడు హారన్ మీద హారన్ కొడ్తాంటే దారికి అడ్డం నిలబడి సుట్ట ముట్టిచ్చుకుంటివే, ఆ పొద్దు నుంచి."

"మళ్ల ఎందుకు అనలా?"

"అని? నీ సోట ఎవుర్ని పెట్టేది?" రెడ్డి కొంచెం జాలిగా నవ్వాడు. "వాండ్లకు కావాల్సింది నీ చెవులు కాదు శాంతయ్యా. పొద్దున్నే ఒగడు ముందర పోవాల. టంగుటంగున నాలుగు సార్లు కొట్టాల. బతికొచ్చి రాండి అనాల. అంతే. చెవిటోడైతేనేం, మూగోడు కానంత వరకు సాలు. పో, సోమారం కంబం పని సూడు."

శాంతయ్య కొట్టం బయటికి వచ్చి చాలాసేపు ఎండలో నిలబడ్డాడు. తనకు విలువ ఉందని అతను నమ్మిన చోట విలువ లేదు. ఇన్నాళ్లు తాను దాచింది ఎవరికీ అక్కర లేనిది. తనను మోసగాడిగా పట్టుకుని ఉంటే ఇంత అవమానం కలిగేది కాదు.

సోమవారం పొద్దున పసుపురాయి దగ్గర అందరూ చేరారు. సలోమి పందిరి అంచున నిలబడి చూస్తోంది. శాంతయ్య గడ్డపారను చేతిలోకి తీసుకోలేదు.

"నాకు చెవుడు" అన్నాడు. ఎంత గట్టిగా అన్నాడో తనకు తెలియదు. అందరూ ఒక్కసారి వెనక్కి జరగడం చూసి, బాగా గట్టిగానే అన్నానని అనుకున్నాడు. "ఈ పొద్దు వచ్చింది కాదు. వానల నుంచీ. కప్పు అందే చోట చెయ్యి పెట్టి కనుక్కుంటాంటి. ఎత్తు గదిలో నాకేమీ తెలీదు."

మొదట అడిగినవాడు మారెన్న. అడవిలోని గూడెం నుంచి వచ్చి గనికి మొద్దులు నరికి తెచ్చేవాడు, లోపల వాటిని కప్పుకు ఊతంగా నిలబెట్టేవాడు. "మళ్ల ఎత్తు గదిలో ఎట్ల సూస్తాంటివి? రాళ్లు పడగొడ్తానే ఉంటివి గదా?"

"జీవరత్నం మొకం సూసి. బోలు రాయి పలికితే వాని కండ్లు పైకి పోతాయి. అది సూసి పెకిలిస్తాంటి."

అందరూ జీవరత్నం వైపు తిరిగారు. జీవరత్నం నోరు తెరుచుకుని ఉంది.

"నేనా?" అన్నాడు. "నాకేం ఎరుక బోలు రాయి? నేనెప్పుడు నేర్చుకుంటి? నేను సూసేది నిన్ను గదప్పా! నువ్వు కొడతావు, నిలబడతావు. ఒక్కోతూరి శానాసేపు నిలబడతావు. అయ్యో, ఏమో ఇన్యాడు అనుకుంటా. గుండె జల్లుమంటాది. పైకి సూస్తా. అంతే!"

సంక్రాంతి నుంచి ఆ గదిలో కప్పును ఎవరూ వినలేదు. ఇనుము తగిలినప్పుడల్లా రాయి పలికే ఉంటుంది. దాని కింద ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. అతను చదివింది జీవరత్నం భయాన్ని. ఆ భయం పుట్టింది తన ఆలస్యం నుంచి. తాను ఆలస్యం చేసింది వినపడక. ఊడి పడిన రాళ్లు? బలంగా పెకలిస్తే ఏ రాయి ఊడదు?

అప్పుడు ఒకడు నవ్వాడు. ఆ నవ్వు చుట్టూ పాకింది. జీవరత్నం కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇద్దరు గుడ్డోళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని ఏరు దాటినట్టుండాదే!"

ఆదినారాయణరెడ్డి కొట్టం లోంచి ఎప్పుడు వచ్చాడో, వాళ్ల మధ్యలో నిలబడి ఉన్నాడు. అతను కోప్పడతాడని శాంతయ్య అనుకున్నాడు. రెడ్డి మొహం వెలిగిపోతోంది.

"ఇన్యారా? ఇన్ని దినాలు ఎవురూ ఇనలా. కప్పు పడిందా? ఒగని తలకాయైనా పగిలిందా? నిలిచేది నిలుస్తాది. తట్టినందుకు నిలవలా అది. ఉత్త బెదురప్పా ఇదంతా, బేతంచెర్ల ముసలోని మొదలు."

"అది కంబాలుండబట్టి నిలిచింది" అన్నాడు శాంతయ్య. "కంబం తీస్తే..."

"నువ్వు సెప్పొచ్చినావా మళ్ల? నీకు ఎట్ల ఎరుక?"

వాళ్లందరి మొహాల్లోనూ అదే ప్రశ్న ఉంది. ఇప్పుడు తాను చెప్పే ప్రతి మాటా చెవిటివాడి మాట. నిజం చెప్పడంతోనే, నిజం చెప్పడానికి ఉండవలసిన అర్హత పోయింది.

మారెన్న గొడ్డలి భుజాన వేసుకున్నాడు. "నేను రాను రెడ్డీ" అన్నాడు. "పొయ్యి సెట్టెక్కి తేనె తీసుకో పో, ఆడైతే రాళ్లు పడవు" అని ఎవరో ఎగతాళి చేశారు. అతను తిరిగి చూడకుండా అడవి దారి పట్టాడు. మిగతావాళ్లు అతను కనుమరుగయ్యేదాకా చూశారు. ఇంకొకడు వెంట పోతే అందరూ పోయేవారేమో. ఆ ఇంకొకడు ఎవరూ కాలేదు.

"జీవరత్నం" అన్నాడు రెడ్డి. "ఆ గడ్డపార నువ్వు తీసుకో. ఈడ పని ముగిసినాక కొత్త గనికి నిన్ను మేస్త్రీగా పిలుచుకపోతా."

జీవరత్నం గడ్డపార వైపు చూశాడు. మేస్త్రీ అన్న మాట అతని మొహంలోకి దిగడం, దిగి అక్కడ నవ్వును తుడిచి ఇంకేదో పెట్టడం శాంతయ్య చూశాడు. అది ఏమిటో అతనికి తెలుసు. తన మొహంలోనూ ఒకప్పుడు అదే ఉండి ఉంటుంది.

సలోమి పరిగెత్తుకొచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. "వద్దు. నీకు రాదు ఆ పని."

"నీకెవురు సెప్పినారు రాదని? నాకు చెవులుండాయి గదా!"

"నీకేం తెల్సు ఎట్లుంటాదో ఆ సప్పుడు?"

"మేస్త్రీకి ఎరుక ఉండె. మళ్ల ఏమాయ?" అన్నాడు జీవరత్నం. "ఇడుసు. అందరూ సూస్తాండారు. పొయ్యి నీ కుప్ప కాడ కూచో."

ఆమె శాంతయ్య వైపు తిరిగింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. "నువ్వు సెప్పకుండా ఉండింటే బాగుండె" అంది. "గడ్డపార నీ చేతిలోనే ఉండింటే ఏదో ఒగటి సెప్పి ఆపింటివి."

అది నిజం. చెవిటి మేస్త్రీగా అతను "కంబం తీయొద్దు, కప్పు బోలుగా పలుకుతాంది" అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఎవరూ దిగేవారు కాదు. ఆ అబద్ధం అతనికి తట్టనే లేదు. సోమవారం లోపల తన బరువు దింపుకోవడమే అతనికి తోచింది.

శాంతయ్యను పందిరి కిందికి పంపారు. ఆడవాళ్లు చోటు చేసి, చిన్న సుత్తె ఒకటి ఇచ్చారు. సలోమికి ఎదురుగా ఉన్న చోటే ఖాళీగా ఉంది. తెలుపు ఇటు, బూడిద అటు. ఎవరూ అతన్ని ఎగతాళి చేయలేదు.

మధ్యాహ్నానికి కంబానికి రంధ్రాలు వేసి, మందు కూరి, అందరూ బయటికి వచ్చారు. ఒకడు రేకు డబ్బా వాయిస్తూ గుట్ట చుట్టూ తిరగడం కనిపించింది. తర్వాత గని నోట్లోంచి తెల్లటి దుమ్ము ఊదినట్టుగా వచ్చింది. కింద నేల ఒకసారి అతని తొడలను పైకి తోసింది. పొగ పలచబడ్డాక జీవరత్నం గడ్డపార తీసుకుని ఒక్కడే లోపలికి పోయాడు. కాసేపటికి మిగతావాళ్లు కూడా వరసగా చీకట్లోకి వంగారు. అంటే అతను "రాండప్పా" అన్నాడన్నమాట.

సలోమి సుత్తె ఎత్తలేదు. పెదవులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి. శాంతయ్య ఆమె మొహం మీద నుంచి చూపు తీయలేదు. గనిలో ఏమైనా అయితే ముందు ఆమెకు తెలుస్తుంది. ఆమె మొహంలోకి వస్తుంది. తనకు అక్కడ కనపడుతుంది. ఎండ పందిరి కిందికి జరిగి అతని పాదాల మీదికి వచ్చింది. చేతిలోని రాయిని తెలుపో బూడిదో చూడకుండా పట్టుకుని కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆమె మొహం మారింది.

ముందు కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత నోరు తెరుచుకుంది. తర్వాత ఆ మొహం మొత్తం విరిగి, నవ్వై, ఏడుపైంది. ఆమె చేతులతో తలకాయ కొట్టుకుంది. శాంతయ్య వెనక్కి తిరిగాడు. మగవాళ్లు గనిలోంచి వస్తున్నారు. ఒంటినిండా తెల్లదుమ్ము. తట్టల్లో మచ్చలేని తెల్లటి రాళ్లు. అందరికంటే వెనక జీవరత్నం గడ్డపారను కర్రసాము తిప్పినట్టు తిప్పుతూ వస్తున్నాడు. రెడ్డి ఎదురుపోయి అతని భుజం తట్టాడు. అందరూ ఉన్నారు. కప్పు నిలిచింది.

అప్పుడు శాంతయ్య తన ఛాతీలో ఏదో కిందికి జారడం గమనించాడు. చాలాసేపు ఎత్తిపట్టుకున్న బరువును ఎవరో అడగకుండా తీసేసుకున్నట్టు. దానికి పేరేమిటో తెలుసుకోకుండా ఉండాలని ఒక్క క్షణం ప్రయత్నించాడు. అంత సేపూ తాను ఎదురుచూసింది వాళ్లు రావాలని కాదు. కప్పు కూలాలని. వాళ్లు చచ్చిపోవాలని కాదు, అంత లేదు అని తనకు తాను చెప్పుకోబోయాడు. అయితే కూలే రాతికి ఎవరిని ఎంత తగలాలో తాను చెప్పి పంపలేడు గదా. ఆ ఎదురుచూపు ఆమె ప్రార్థన ఎంత సేపు సాగిందో అంత సేపూ సాగింది. ఆమె మొహంలో తాను వెతికింది కూడా అదే.

తిరిగి చూసేసరికి సలోమి అతన్నే చూస్తోంది. ఆమె చెంపల మీద తడి ఇంకా ఆరలేదు. నవ్వు మాత్రం ఆగిపోయింది. ఎంత సేపటి నుంచి చూస్తోందో.

"ఏందప్పా" అంది నిదానంగా, అతనికి కనపడేలా. "బతికొచ్చిరని బాధగా ఉండాదా నీకు?"

అతను లేదనాలి. అనడానికి నోరు తెరిచాడు. అతని మొహం అప్పటికే ఆమెకు చెప్పేసింది.

మర్నాడు రెండో కంబం. శాంతయ్య పందిరి కిందికి వచ్చేసరికి సలోమి తన రాళ్ల కుప్పను అవతలి పక్కకు మార్చుకుని, అతనికి వీపు పెట్టి కూర్చుంది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే అటు తిరిగారు. ఇక అతనికి కనపడే మొహం ఒక్కటీ లేదు. రేకు డబ్బావాడు గుట్ట చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. శాంతయ్య సుత్తె తీసుకుని రాయి పగలగొట్టాడు. తెల్లగా ఉంది. ఇటు వేశాడు.